పెరటి కంచె

ఆదివారం ఆరాధన ముగిసి అందరం చెప్పులు తొడుక్కుంటున్నాము. మా సంఘంలోని ఒక చెల్లెలు నా సంచిలోకి తొంగి చూసి, “అక్కా, మీ ఇంట్ల చిక్కుడుకాయ ఇంకా కాస్తున్నదా? మాకు ఒక్క కాయ నోటికి రాలే. చలికి పోయింది పోంగ, మిగిలింది కోతులు తిన్నయి” అని బాధపడింది. చుట్టూ ఉన్న స్త్రీలు కూడ తమ తమ నష్టాలు చెప్పుకున్నారు. ఒకరికి టమాట పూత రాలిందట. ఇంకొకరికి సొరపాదును అడవి పంది తవ్విపోసిందట. నీవు ఎట్లా కాపాడుకుంటున్నావో కాస్త రాసి పెట్టరాదా అని వారు అడిగారు గనుక ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నాకు తెలిసినది పెద్ద చదువు వల్ల వచ్చినది కాదు. చాలా వరకు పోగొట్టుకొని నేర్చుకున్నదే. అందులో ఒక సంగతి చెప్పుకోవడానికి నేటికీ సిగ్గుగా ఉంటుంది. అయినా దాచకుండా రాస్తాను. దానివల్ల ఒక్క కుటుంబమైనా జాగ్రత్తపడితే మేలే కదా!

మా ఊరు దేవరకొండకు, డిండికి నడుమ ఉంటుంది. ఇటు నల్లగొండ, డిండి వాగు దాటితే అటు పాలమూరు. దక్షిణాన నల్లమల గుట్టలు. నేల ఎర్ర చెల్క. 1986లో నేను ఈ ఇంటికి కోడలుగా వచ్చినప్పుడు ఇంటి వెనుక రెండు గుంటల జాగా ఉండేది. మా అత్తమ్మ దానిని కన్నబిడ్డలా చూసుకునేది. చిక్కుడు పందిరి, దాని పక్కన వంకాయ, మిరప, టమాట, గోడ వెంట సొర, బీర, కాకర పాదులు, మడుల్లో పుంటికూర, తోటకూర, పాలకూర, బావి పక్కన మునగ, జామ, నిమ్మ, కరివేపాకు చెట్లు ఉండేవి. కూరగాయల కోసం సంతకు పోవడం పండుగలకే.

ఆ పెరడు మాకు సరదా కాదు, అవసరం. మా నల్లగొండ నీళ్ళలోని ఫ్లోరైడు సంగతి మీకు తెలియనిది కాదు. తాగే నీటిలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటరాదంటారు. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు ఎన్నో ఊళ్ళలో ఎన్నో యేండ్లు అంతకంటె చాలా ఎక్కువ ఉన్న నీళ్ళే తాగారు. మా అత్తమ్మ పుట్టిల్లు ఆ వైపే. యాభై యేండ్లు నిండకముందే ఆమె నడుము వంగింది, మోకాళ్ళు బిగిసినాయి. డాక్టరుగారు చూసి, వంగిన ఎముకను సరిచేసే మందు లేదమ్మా అని చెప్పి, పాలు, ఆకుకూరలు, మునగాకు, నిమ్మ, జామ, ఉసిరి వంటివి రోజూ తినమన్నారు. సున్నము, సి విటమిను శరీరానికి అందితే ఆ విషం బలం కొంత తగ్గుతుందట. 2016లో మొదలైన మిషన్ భగీరథ నీళ్ళు తరువాత మా ఊరికీ వచ్చాయి. కాని అంతవరకు మా ఇంటి మందుల పెట్టె ఆ పెరడే. అందులో ఒక మడి పాడైతే మాకు కూర మాత్రమే కాదు, మందు కూడ పోయినట్టే.

మొదట చలి సంగతి చెబుతాను. అమెరికా, యూరపు దేశాల్లో ఏప్రిల్, మే నెలల్లో కూడ రాత్రికి రాత్రి మంచు గడ్డకట్టి లేత మొక్కలు చచ్చిపోతాయట. అక్కడివారు సాయంత్రం కాగానే దుప్పట్లు తెచ్చి మొక్కలకు కప్పుతారట. మన దగ్గర అంత చలి లేదు. అయితే క్రిస్మసు మొదలు శ్రమల దినాల ఆరంభం దాకా మన మెట్ట ప్రాంతంలో రాత్రిళ్ళు చల్లగానే ఉంటాయి. కొన్ని రాత్రులు 12 డిగ్రీలకు, ఒక్కోసారి ఇంకా కిందికి దిగుతుంది. చలి శివరాత్రికి వెళ్ళిపోతుందని లోకులంటారు గాని, మధ్యాహ్నం ఎండను చూసి మోసపోయి తొందరపడి విత్తనం పెట్టినవాళ్ళకు నష్టం తప్పదు.

ఆలాగున మోసపోయినవారిలో నేనూ ఉన్నాను. వచ్చిన రెండవ యేడే, వేసవి కాయలు ముందుగా తినాలని ఆశపడి జనవరి మొదటి వారంలోనే సొర, బీర గింజలు పెట్టాను. సగం మొలవలేదు. మొలిచినవి పసుపు రంగుకు తిరిగి బొటనవేలంత ఎత్తులోనే ఆగిపోయాయి. అత్తమ్మ నన్ను కోప్పడలేదు. “భూమి ఇంకా నిద్ర లేవలే బిడ్డా. నిద్ర లేవనోళ్ళకు అన్నం పెడితే తింటరా?” అని నవ్వింది.

ఆ మరునాడు ఆమె నాకు చూపించిన పని నేటికీ చేస్తున్నాను. సొర, బీర, కాకర గింజలను ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టాలి. తెల్లారి తడి గుడ్డలో మూటకట్టి, పొయ్యి గట్టు మీద వెచ్చగా ఉండే చోట పెట్టాలి. కాలకుండా చూసుకోవాలి, గుడ్డ ఆరితే నీళ్ళు చిలకరించాలి. నాలుగైదు రోజులకు గింజ ముక్కు తెరిచి తెల్లని వేరు కనిపిస్తుంది. అప్పుడు పాదులో పెట్టాలి. చల్లని మట్టిలో గింజ పది దినాలు మురిగే బాధ ఉండదు.

నారుమడిని జానెడు ఎత్తు చేసి పెట్టుకోవాలి. ఈ కాలంలో చలిగాలి ఎక్కువగా ఈశాన్యం దిక్కునుంచి వీస్తుంది గనుక ఆ వైపు జొన్న చొప్పతో తడిక కట్టాలి. పొద్దు గుంకే ముందు కందికట్టెలు వంచి గుచ్చి, వాటి మీద గోనెసంచులో పాతచీరో కప్పాలి. కప్పు ఆకులకు తగలరాదు. పొద్దెక్కగానే తీసివేయాలి. మబ్బులేని రాత్రి నేల తన వేడినంతా ఆకాశానికి వదిలేస్తుంది. మనం కప్పిన గుడ్డ ఆ వేడిని కొంతైనా మొక్క దగ్గర ఆపుతుంది. చంటిబిడ్డకు దుప్పటి కప్పడం లాంటిదే ఇది.

నీళ్ళు సాయంత్రం కాక పొద్దున పెట్టండి. ఆ వేళకు బోరు నీళ్ళు గోరువెచ్చగా వస్తాయి. తడి ఉన్న నేల పగటి ఎండను దాచుకుని రాత్రికి మెల్లగా విడుస్తుంది. సాయంత్రం ఆకులు తడిపితే తెగుళ్ళను పిలిచినట్టే. టమాటకు రాత్రి చలి 13 డిగ్రీలకు తగ్గితే పూత నిలవదు. ఆ పూత రాలితే దిగులుపడి మందులు కొట్టకండి. చలి విరిగిన తరువాత వచ్చే పూత నిలుస్తుంది. చిక్కుడు సంగతి వేరు. పగలు తగ్గి రాత్రి పెరిగే కాలమే దానికి ఇష్టం. దానికి కీడు చలి కాదు, చలితో వచ్చే పేనుబంక. పొద్దున మంచు తడి ఉండగా జల్లించిన కట్టెల బూడిద చల్లితే చాలా వరకు అదుపులో ఉంటుంది.

చలి యేటేటా వచ్చి తన గడువు తీరగానే పోయే చుట్టం. కోతులు, పందులు అట్లా కాదు. నేను వచ్చిన కొత్తలో గుట్టమీద ఎక్కడో పొడుగు తోక కోతులు కనిపించేవి. నెత్తిన టోపీ పెట్టినట్టు వెంట్రుకలుండేవి. ఊళ్ళోకి అరుదుగా వచ్చేవి. ఇరవై యేండ్ల నుంచి ఎర్రమూతి, పొట్టి తోక కోతులు గుంపులుగా దిగుతున్నాయి. ఉత్తరాది జాతి అయిన ఈ కోతి దక్షిణానికి విస్తరిస్తూ టోపీ కోతిని వెనక్కి నెడుతున్నదని శాస్త్రజ్ఞులు కూడ గమనించారు.

తప్పంతా వాటిదే అనుకోవడం న్యాయం కాదు. రోడ్లు వెడల్పు చేసినప్పుడు మర్రి, చింత, రావి చెట్లు పోయాయి. గుట్టలను పగలగొట్టి రాయి తీశారు. సీతాఫలానికి పాలమూరు గుట్టలు పెట్టింది పేరు. బాలానగర్ రకం అని దేశమంతా పిలిచే సీతాఫలానికి ఆ పేరు వచ్చింది పాలమూరు జిల్లా బాలానగర్ నుంచే. ఆ గుట్టల మీద తిండి తగ్గింది. మరోవైపు శ్రీశైలం రోడ్డున పోయే బండ్లవాళ్ళు అరటిపండ్లు, బిస్కెట్లు విసిరి వాటికి మనిషి చేతి తిండి అలవాటు చేశారు. ఆకలి ఒక పక్క, అలవాటు ఒక పక్క. ఇంక అవి ఊరిని ఎందుకు విడుస్తాయి?

మేము చేయని ప్రయత్నం లేదు. డబ్బాలు కొట్టాము. గులేరుతో రాళ్ళు విసిరాము. పటాకులు కాల్చాము. పులి బొమ్మ తెచ్చి జామచెట్టుకు కట్టాము. వారం రోజులు భయపడి, ఎనిమిదో రోజు ఒక పిల్లకోతి ఆ పులి వీపు మీదనే కూర్చుని మా జామకాయ తిన్నది! నెమళ్ళు ఇంకొక వైపు. అవి టమాట పండ్లు పొడుస్తాయి, లేత మొలకలు తెంపుతాయి. 1963 నుంచి అది మన జాతీయ పక్షి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దానిని కాపాడుతుంది. కాపాడవలసిందే. కాని పొద్దున్నే లేచి పోయిన మడిని చూసుకునే ఇల్లాలికి కన్నీళ్ళు రాక మానవు.

ఈ బాధ పడలేక మా చుట్టుపక్కల ఎందరో పల్లి, మక్క, కూరగాయలు మాని పత్తి వేసుకున్నారు. పత్తిని కోతి ముట్టదు. కాని పత్తిని మనమూ తినలేము కదా!

ఇప్పుడు నా సిగ్గు సంగతి.

2019 ఫిబ్రవరిలో అడవి పందులు పెరట్లో పడ్డాయి. ఆ యేడు మొరంగడ్డ బాగా ఊరింది. ఒక్క రాత్రిలో మడి మడంతా దున్నినట్టు తవ్విపోశాయి. రెండవ రాత్రి పల్లి సాళ్ళు పోయాయి. మూడవ రోజు మా మరిది వచ్చి చూసి, “వదినా, ఇట్ల ఎన్ని దినాలు ఏడుస్తరు? కంచె పొంటి కరెంటు తీగ గుంజుదం. ఒక్క రాత్రిల లెక్క తేలుతది” అన్నాడు. మావారు మొదట వద్దన్నారు. తరువాత ఊరుకున్నారు.

నేను ఏమన్నాను? ఏమీ అనలేదు. అది తప్పని తెలుసు. ఇట్లాంటి తీగలు తగిలి మనుషులు చచ్చిపోయిన వార్తలు యేటా పత్రికలో చదివిన దానినే. అయినా తవ్విపోసిన మడి కళ్ళలో మెదిలింది. చచ్చేది పందే కదా, రాత్రి పది గంటలకు వేసి తెల్లారకముందే తీసేద్దాం కదా అని మనసుకు సర్ది చెప్పుకున్నాను. నా మౌనమే నా సమ్మతి అయింది.

రెండు రాత్రులు ఏమీ కాలేదు. మూడవ రాత్రి, మూడు గంటలు దాటిన తరువాత, మా కుక్క ఒక్కసారి అరిచింది. మళ్ళీ అరవలేదు. నేను ఉలిక్కిపడి లేచి టార్చి తీసుకుని పరుగెత్తబోయాను. మావారు నా చేయి గట్టిగా పట్టి వెనక్కి లాగి, ముందు పోయి స్విచ్చి ఆపారు. ఆ తరువాత టార్చి వేసి చూశాము. పదకొండు యేండ్లు మా గడపలో పెరిగిన కుక్క తీగ మీద పడి ఉంది. కంచె అవతల పంది అలికిడికి దూకినట్టుంది. మా పెరడు కాపాడబోయి మేము పెట్టిన తీగకే బలి అయింది.

మేమిద్దరం అట్లా నిలబడి ఉండగానే వెనుక నుంచి కర్ర చప్పుడు వినిపించింది. అత్తమ్మ! రోజూ నాలుగు గంటలకు ఆమె కర్ర పట్టుకుని దొడ్డి వైపు పోతుంది. చూపు సరిగా ఆనదు. కుక్క పడిన చోటుకూ ఆమె నడిచే బాటకూ నడుమ రెండు అడుగుల దూరం. కంచె ఆసరా పట్టుకుని నడవడం ఆమెకు అలవాటు. ఆ వైపు తీగ ఉన్నదని ఆమెకు మేము చెప్పనైనా చెప్పలేదు. ముసలామె కంగారుపడుతుందని దాచాము. మొదటి రెండు రోజులు ఆమె లేవకముందే మావారు తీగ తీసివేశారు. ఆ రోజు ఇంకా తీయలేదు.

ఆ కుక్క అరవకపోతే ఏమయ్యేదో నేను రాయలేను. మీరే ఊహించుకోండి.

అత్తమ్మకు సంగతి తెలిసి చాలాసేపు మాట్లాడలేదు. తరువాత కుక్క తల మీద చేయి పెట్టి, “గడ్డలు పోతే మళ్ళ ఏసుకుంటం బిడ్డా. పానం పోతే ఎవలు ఏస్తరు?” అన్నది. మరిది తల వంచుకుని కూర్చున్నాడు. తెల్లారగానే తనే తీగ చుట్టి తీసుకుపోయాడు. ఆ పగలు జామచెట్టు కింద కుక్కను పాతిపెట్టాము. మా మనుమడు రెండు రోజులు అన్నం తినలేదు.

ప్రియ చదువరులారా, దయచేసి కరెంటు తీగ జోలికి పోకండి. అది చట్టం ప్రకారం నేరం. అంతకంటె ముఖ్యంగా, రాత్రి పూట ఎవరు ఆ దారిన వస్తారో మనకు తెలియదు. పాలు పితకడానికి పోయే అవ్వ రావచ్చు. నీళ్ళు కట్టడానికి పోయే పక్క చేను రైతు రావచ్చు. మీ ఇంటివారే రావచ్చు. తీగకు పందికీ మనిషికీ తేడా తెలియదు.

మరి ఏమి చేయాలి? రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు ఈ విషయమై చాలా యేండ్లుగా పరిశోధన చేసి ప్రాణహాని లేని ఉపాయాలు చెప్పారు. వాటిలో కొన్ని, మా అత్తమ్మ చెప్పినవి కొన్ని కలిపి చేసుకున్నాము.

అడవి పందికి చూపు తక్కువ, వాసన పట్టే శక్తి చాలా ఎక్కువ. అది ముక్కుతో నేలను వాసన చూస్తూ వస్తుంది. మంగలి దుకాణంలో ఊడ్చిన వెంట్రుకలు తెచ్చి కంచె వెంట పలుచగా చల్లితే అవి దాని ముక్కులోకి పోయి చికాకు పుట్టిస్తాయి. మనిషి వాసన కూడ తగులుతుంది. ఊరపందుల పేడ నీళ్ళలో కలిపి కంచె చుట్టూ చల్లితే, ఇక్కడ వేరే మంద ఉన్నదని వెనుకాడుతుంది. రంగురంగుల పాతచీరలు చుట్టూ కడితే, గాలికి కదిలే చీరను మనిషి అనుకుంటుంది. వానకు వెంట్రుకలు, పేడనీళ్ళు పనిచేయవు, మళ్ళీ వేయాలి. ఒకే ఉపాయం నెలల తరబడి ఉంచినా లాభం లేదు, మార్చుతూ ఉండాలి. చేలలో అయితే చుట్టూ నాలుగు సాళ్ళు ఆముదం గాని, ముళ్ళ కుసుమ గాని వేయమంటారు. మేము పెరటి చుట్టూ వాక చెట్లు నాటాము. ముళ్ళకు కంచె, కాయలకు పచ్చడి.

కోతికి వెంట్రుకలతో పనికాదు. దానికి చూపు ఉంది, తెలివి ఉంది. గనుక మొక్కల స్థానాలు మార్చాము. కోతులు అంతగా ఇష్టపడని మిరప, కాకర, పసుపు, అల్లం, నిమ్మ, పుదీన వంటివి అంచుల్లో వేశాము. అవి ఆశపడే టమాట, వంకాయ, ఆకుకూరలు ఇంటి గోడ దగ్గరకు తెచ్చి, చేపల వలతో పై నుంచి కింద దాకా గూడు కట్టాము. పిట్టలు, నెమళ్ళ నుంచి కూడ అదే రక్షణ. వల వదులుగా వేలాడితే పాములు, పిట్టలు చిక్కుకుంటాయి గనుక బిగించి కట్టాలి. టమాట దోరగా ఉండగానే తెంపి ఇంట్లో మాగబెడుతున్నాము. మొరంగడ్డ మానుకున్నాము. అది వేస్తే పందికి ఉత్తరం రాసి పిలిచినట్టే.

అన్నిటికంటె ఎక్కువ పనిచేసినది ఒక్కటే. మా వాడకట్టులో పదకొండు ఇళ్ళవాళ్ళం కూర్చుని మాట్లాడుకున్నాము. ఒక్క ఇంటివారు తరిమితే కోతి పక్కింటికి పోతుంది, పక్కింటివారు తరిమితే మన ఇంటికి వస్తుంది. ఇద్దరి నడుమ తగవు మిగులుతుంది. గనుక ఎంగిలి మెతుకులు, పండ్ల తొక్కలు బయట వేయకూడదని, ఎవరూ కోతికి తిండి పెట్టకూడదని, పొద్దున ఒకరు, సాయంత్రం ఒకరు వంతుల చొప్పున చూసుకోవాలని ఒప్పుకున్నాము. వానలు పడగానే పిల్లలతో గుట్ట మీద సీతాఫలం, నేరేడు, రేగు గింజలు చల్లిస్తున్నాము. ప్రభుత్వం వారు కూడ హరితహారం కింద ఊళ్ళలో కోతుల కోసం పండ్ల మొక్కలు పెట్టించారు. 2020లో నిర్మల్ జిల్లాలో కోతుల సంరక్షణ, పునరావాస కేంద్రం తెరిచారు. అవన్నీ మంచివే. కాని మొక్క చెట్టయ్యే దాకా మన పెరటిని మనమే చూసుకోవాలి.

ఇంత చేసినా అంతా దక్కుతుందని చెప్పను. నాలుగు కాయల్లో ఒకటి పోతూనే ఉంటుంది. మా మామగారు బ్రతికి ఉన్నప్పుడు జొన్న చేను వేస్తే అంచున ఒక సాలు పిట్టల పాలు అని విడిచిపెట్టేవారట. వెనుకటి వాళ్ళు పంటను పంచుకోవడమూ తెలిసినవాళ్ళు, కాపాడుకోవడమూ తెలిసినవాళ్ళు. ఆ రెండిటి నడుమ ఎక్కడ గీత గీయాలో తెలుసుకోవడమే పెరటి కంచె అని ఇప్పుడు నాకు అనిపిస్తుంది.

అత్తమ్మ ఇప్పుడూ నాలుగు గంటలకే లేస్తుంది. కర్ర పట్టుకుని, చీరల కంచె మీద చేయి ఆనించి మెల్లగా నడుస్తుంది. ఆ కర్ర చప్పుడు వినబడగానే నాకు మెలకువ వస్తుంది. వినబడినంత సేపు కృతజ్ఞతతో పడుకుని ఉంటాను. మొన్న కోతకాల పండుగకు మా పందిరి మొదటి సొరకాయను ఆమే తన చేతులతో తెంపి గుడికి తెచ్చింది. వేలంలో ఎవరు పాడుకున్నారో తెలుసా? మా మరిదే. ఇంటికి తీసుకుపోయి గింజలు దాచిపెట్టాడట, తన పెరట్లో వేసుకోవడానికి.

ఆ గింజలను ముందుగా నానబెట్టి, మూటకట్టి, చలి విరిగిన తరువాతనే పెట్టుకోమని చెప్పాను.